పద్నాలుగు పేపర్ల ఆయుష్షు

అదిగో, మళ్ళీ ఆగి చచ్చింది! చూశావుగా బుల్లీ, ఇందులో నీ తప్పేం లేదు. అంత చక్కగా దిగుతున్నావు, సూది అటూ ఇటూ కదల్లేదు, ఇంకో రెండు వందల అడుగులైతే రన్‌వే కనపడేది. సరిగ్గా అప్పుడే తెర నల్లబడాలా? ఈ సిమ్యులేటర్ బుద్ధే అంత, ఆశ పెట్టి చంపుతుంది.

లేవకు, కూర్చో. అది మళ్ళీ మొదటినుంచి తేరుకుని లేవాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తలుపు కాస్త లాగి పెట్టు. కారిడార్లో కూర్చున్న వాళ్ళకి పనీపాటా ఉండదు, చెవులు మాత్రం ఉంటాయి.

అబ్బ, ఏం ఉక్క! ఈ గదికి ఒక్క కిటికీ పెట్టించండి మహాప్రభో అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నానో. సిమ్యులేటర్ గదికి కిటికీ ఎందుకమ్మా, అందులో చూడాల్సింది మబ్బే కదా అంటారు ఓనరు గారు. నిజమేలే. ప్లైవుడ్ పెట్టె, రెండు సీట్లు, ముందో తెర, తెర నిండా పొగమంచు. బయట ఎండ పేలిపోతున్నా లోపల మబ్బే. రోజుకి ఆరు గంటలు ఇందులో కూర్చుని ఇంటికొస్తే, అదేంటి అలా గుడ్లప్పగించి చూస్తున్నావు అంటాడు మీ అన్నయ్య. ఏం చెప్పను ఆయనకి?

ఏంటీ? సంతకం పెట్టేయనా అంటావా?

ఆగు తల్లీ. నాలుగింటికి కదా ఓనరు గారు ఆఫీసు మూసేది. ఇంకా మూడున్నర కూడా కాలేదు. ఫారం ఇటివ్వు... వద్దులే, నీ దగ్గరే ఉంచుకో.

ఆదివారం వంటింట్లో నన్ను అడిగావు, కూరగాయలు తరుగుతూ చెప్పాను. మూడో రోజుకే ఫారం నింపుకుని నవ్వుకుంటూ వచ్చేశావు. ఒక్క ఎదురు ప్రశ్న లేదు! నీకు నోట్లో నాలుక లేదా? మీ అన్నయ్య ఒకడు, మీ వదినని అడుగు, ఆ విషయాల్లో ఆవిడ మాటే మాట అని నీకు నూరిపోశాడు. ఆయనకేం తెలుసు, ఆసుపత్రి ల్యాబులో సీసాలు కడుక్కునే మనిషికి?

ఏది ముందు, ఏది తర్వాత. ఈ ప్రశ్న విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి బుల్లీ. కొత్తగా చేరే ప్రతివాళ్ళూ ఇదే అడుగుతారు, వాళ్ళ నాన్నలూ ఇదే అడుగుతారు, వెంట వచ్చిన మేనమామలు మరీను. అందరికీ జవాబు అదిగో ఆ బోర్డు మీద ఉంది. నా చేతిరాతే. ముందు డాక్టరు పరీక్ష. ఎందుకంటే, కన్ను పనికిరాదనో చెవి పనికిరాదనో చివర్లో తెలిస్తే నెత్తీ నోరూ బాదుకోవాలి. ఆ తర్వాత సొంతానికి నడుపుకునే లైసెన్సు. తర్వాత పద్నాలుగు పేపర్లు రాయడం. తర్వాత గాల్లో గంటలు పోగేసుకోవడం. తర్వాత జీతానికి నడిపే లైసెన్సు. అంతవరకూ ఒకటే దారి, అందరూ నడవాల్సిందే. నువ్వూ నడిచావు. పోయిన నెల ఆ లైసెన్సు నీ చేతికొస్తే మీ అన్నయ్య వీధి వీధంతా చూపించుకొచ్చాడు. పాలవాడికి కూడా చూపించాడు, వాడు పాపం చేతులు తుడుచుకుని మరీ చూశాడు.

అదిగో, అక్కడ రెండు బాణాలు చీలాయి చూడు. పైది ట్విన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. రెండింజన్ల విమానం మీద, బయట ఏమీ కనపడకపోయినా ముందున్న గడియారాలు చూసుకుంటూ దిగడం. అది లేనిదే ఏ ఎయిర్‌లైనూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. కిందిది ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. అంటే ఇదిగో, నాలాగా కుడివైపు సీట్లో కూర్చుని ఇంకొకళ్ళ తప్పులు దిద్దడం.

నేను నీకేం చెప్పాను? కిందిది ముందు చేసుకో అన్నాను.

అవును, కారణాలు కూడా చెప్పాను. మూడు చెప్పాను. గంటలు వాటంతటవే పోగవుతాయి. చెప్పేకొద్దీ చేతికి పట్టు వస్తుంది. ఇంటిపట్టునే ఉంటావు. మూడూ నిజమే. ఒట్టు, ఒక్కటి కూడా అబద్ధం కాదు.

నవ్వకు. చెప్పేది విను.

నా సంగతి నీకు సగమే తెలుసు. నేను ఇక్కడికి వచ్చింది ఫోన్లు ఎత్తడానికి. ముందు గదిలో బల్ల ఉంది చూడు, దాని వెనకాల నాలుగేళ్ళు కూర్చున్నాను. ఫోనుకీ ఫోనుకీ మధ్య పుస్తకం. సెలవు రోజుల్లో ఒక గంట విమానం. ఓనరు గారు మంచాయన, కాదనను. పొద్దున్నే ఖాళీగా ఉంటే విమానం ఇచ్చేవారు. నిన్ను నేనే మనిషిని చేశాను అని ఇప్పటికీ నలుగురిలో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా తల దానంతటదే ఊగుతుంది.

అన్నీ సరైన వరసలోనే చేశాను బుల్లీ! ఆ బోర్డు మీద ఉన్న వరసలోనే. ముప్ఫై మూడేళ్ళకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చేతిలో ఉంది. ఆ పరీక్ష రోజు నిజం మబ్బే, తెర మీది మబ్బు కాదు. రెండు వందల అడుగుల దగ్గర మబ్బు చీలి రన్‌వే దీపాలు కనపడ్డాయి. పక్కన ఎగ్జామినర్ ఉన్నాడని కూడా మర్చిపోయి గట్టిగా అరిచేశాను. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా పడలేదు, మీ అన్నయ్యకి చెప్పకు.

ఆ వారమే ఓనరు గారు పిలిచారు. ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరు మానేశారమ్మా, ఒక్క ఏడాది నువ్వు నిలబడు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నారు. ఒక్క ఏడాదే కదా! ఎలా కాదంటాను?

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ఇది ఆ బోర్డు మీద లేదు. ఎవరూ రాయరు, నేనూ రాయలేదు. ఈ కాగితాలన్నిటికీ ఆయుష్షు ఉంటుంది. లైసెన్సు చావదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికొకసారి చస్తుంది, ఎగ్జామినర్ పక్కన కూర్చుని చూస్తుండగా ట్విన్ నడిపి చెక్ ఇచ్చుకుంటే మళ్ళీ బతుకుతుంది. ఇక నువ్వు కళ్ళు పోయేలా చదివి రాసిన ఆ పద్నాలుగు పేపర్లు ఉన్నాయే, అవి దాన్ని పట్టుకుని వేలాడుతుంటాయి. రేటింగ్ చచ్చాక ఏడేళ్ళు ఆగుతాయి. ఆ తర్వాత అవీ పోతాయి. మళ్ళీ ఒకటో పేపరు నుంచి మొదలు.

నాది మొదటి ఏడాదికే పోయింది. పోతే పోయింది, ఒక్క వారం ట్విన్ దొరికితే బతికించుకోవచ్చు అనుకున్నాను. ట్విన్ ఉన్నది ఒక్కటి. దాని మీద మొదటి హక్కు ఎవరిది? ఫీజు కట్టినవాళ్ళది. జీతానికి పనిచేసే మేము చివర. ఒకసారి నా వంతు వచ్చింది, ప్రొపెల్లర్‌కి పగులుందని విమానాన్ని హ్యాంగర్ షెడ్డులో పెట్టేశారు. ఒకసారి వారమంతా వాన. ఒకసారి ఎగ్జామినర్ గారి మోకాలికి ఆపరేషన్. ఇంకోసారి... ఇంకోసారి నేనే వదులుకున్నాను.

మన కళ్ళజోడు కుర్రాడు గుర్తున్నాడా? ఇంటికి ఒకసారి భోజనానికి వచ్చాడు, పెరుగు వద్దు పెరుగు వద్దు అని రెండుసార్లు వేయించుకున్నాడు, అతనే. ఎయిర్‌లైన్ వాళ్ళు అతనికి తేదీ ఇచ్చేశారు, చెక్ ఇంకా కాలేదు. మేడమ్, మీ రెండు రోజులు నాకిస్తారా అన్నాడు. ఇచ్చాను. ఏముంది, నాకు తర్వాతైనా దొరుకుతుంది కదా.

కిందటి ఏడు మా అమ్మని చూడటానికి విమానంలో వెళ్ళాను చూడు, అప్పుడు మైకులో గొంతు విని ఉలిక్కిపడ్డాను. అతనే! కెప్టెన్! దిగాక నన్ను ఆపి, చేయి పట్టుకుని కాక్‌పిట్‌లోకి తీసుకెళ్ళాడు. కూర్చోండి మేడమ్, నా సీట్లో కూర్చోండి, ఫోటో తీసుకుందాం అన్నాడు. కూర్చున్నాను. కాళ్ళు పెడల్స్‌కి అందలేదు. సీటు ముందుకి ఎలా జరపాలో నాకు తెలియలేదు బుల్లీ. అటు తడిమాను, ఇటు తడిమాను. అతనే వంగి, చిన్నపిల్లని కూర్చోబెట్టినట్టు జరిపి పెట్టాడు. ఆ ఫోటో మీ అన్నయ్య అద్దం పెట్టించి హాల్లో తగిలించాడు. దాని కింద కూర్చునే నేను రోజూ కాఫీ తాగాలి.

అలా చూడకు. జాలిపడమని చెప్పడం లేదు.

నాకు పాఠం చెప్పడం ఇష్టం లేదని కాదు. ఒకళ్ళని మొదటిసారి ఒంటరిగా పంపించి, గడ్డి మీద నిలబడి, వాళ్ళు దిగేవరకూ ఊపిరి బిగపట్టుకోవడం, అది బాగుంటుంది. నిన్ను పంపిన రోజు కాళ్ళ దగ్గర గడ్డి ఎంత పీకి పారేశానో నీకు తెలియదు. కానీ ఎనిమిదేళ్ళు! ఎక్కడం, ఎడమకి తిరగడం, మళ్ళీ ఎడమకి, దిగడం. గానుగెద్దులా అదే ఎయిర్‌ఫీల్డు చుట్టూ. పిల్లలు మారతారు, ఆ నీళ్ళ ట్యాంకు మారదు. దాని దగ్గర తిరుగు, దాని దగ్గర తిరుగు. కలలో కూడా అదే అంటానట.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఇంకా ఇరవై ఆరు రోజులు. వచ్చే నెల పందొమ్మిదికి నా ఏడేళ్ళూ నిండుతాయి. ఆ రోజు లోపల చెక్ ఇచ్చుకుంటే అన్నీ బతుకుతాయి. లేదంటే పద్నాలుగు పేపర్లూ చచ్చినట్టే. నాకు నలభై ఒకటి. మళ్ళీ రాయలేక కాదు, అందులో సగం నేనే రోజూ చెబుతాను. కానీ ఎప్పుడు రాస్తాను? ఎవరు రాయనిస్తారు? రాసేసరికి నన్ను ఎవరు తీసుకుంటారు?

పది రోజుల కిందట ఓనరు గారి గదిలోకి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి కూర్చోకుండా మాట్లాడాను. నాకు పది రోజులు ట్విన్ కావాలండీ, ఆ తర్వాత నేను వెళ్ళిపోతానేమో కూడా అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. వెళ్ళమ్మా, తప్పకుండా వెళ్ళు, నేనేమైనా కట్టేశానా అన్నారు. నీ స్థానంలో ఇంకొకళ్ళు నిలబడతానని సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీద ఉంటే, వచ్చే సోమవారం నుంచి ట్విన్ నీదే, ఎగ్జామినర్‌తో నేనే మాట్లాడతాను అన్నారు.

ఇంకొకళ్ళు అంటే ఎవరు?

ముగ్గుర్ని అడిగాను. ముగ్గురూ తెలివైనవాళ్ళు. ఫారం రెండో పేజీ చదివారు, నవ్వి తిరిగిచ్చేశారు.

ఆ తర్వాత ఆదివారం వచ్చింది. వంటింట్లోకి నువ్వొచ్చావు. వదినా, ఏది ముందు అన్నావు.

నువ్వు రెండో పేజీ చదివావా? చదవలేదు. నాకు తెలుసు. నేను చూసే ఉంటానని నువ్వు చదవలేదు. అందులో ఏముందో చెప్పనా? ఇన్‌స్ట్రక్టర్ కోర్సు అయిన రోజు నుంచి మూడేళ్ళు ఇక్కడే పనిచేయాలి. ఆ మూడేళ్ళలో వేరే ట్రైనింగ్‌కి సెలవు ఇవ్వాలా వద్దా అన్నది స్కూలు ఇష్టం. స్కూలు ఇష్టం అంటే ఎవరి ఇష్టమో నీకు చెప్పక్కర్లేదు.

మూడేళ్ళే కదా అంటావా? నేను ఒక్క ఏడాదే కదా అన్నాను.

నీ చివరి పేపరు ఎప్పుడు రాశావు? నువ్వు లెక్కపెట్టొద్దు, నేను లెక్కపెట్టాను. పదహారు నెలలైంది. నీకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఒక్కసారి కూడా రాలేదు కాబట్టి నీకు ఏడేళ్ళు ఉండవు. చివరి పేపరు నుంచి మూడేళ్ళ లోపల అది తెచ్చుకోవాలి, అంతే. అంటే నీకు మిగిలింది ఇరవై నెలలు. ఇక్కడ కట్టుబడి ఉండాల్సింది ముప్ఫై ఆరు. నీ పద్నాలుగు పేపర్లు ఈ గదిలోనే, ఈ సీట్లోనే, నువ్వు ఇంకొకరికి మబ్బులోంచి దిగడం చెబుతుండగా చస్తాయి. నాకు కనీసం ఒకసారైనా దీపాలు కనపడ్డాయి. నీకు అదీ ఉండదు.

ఇప్పుడు తెలిసిందని చెప్పడం లేదు బుల్లీ. ఆదివారమే తెలుసు. నువ్వు అడగ్గానే బల్ల కింద వేళ్ళు మడుచుకుని లెక్క వేశాను. ఇరవై, ముప్ఫై ఆరు. రెండుసార్లు వేశాను, తప్పేమోనని. తప్పు కాదు. అప్పుడు తలెత్తి, నీ కళ్ళలోకి చూసి, కిందిది ముందు అన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు బీరకాయలు తరిగాను.

మీ అమ్మ పోయాక నీ జడ వేసింది నేను. నీ స్కూలుకి అమ్మ స్థానంలో సంతకం పెట్టింది నేను. నిన్ను మొదటిసారి విమానం ఎక్కించింది నేను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నీకు ఎవరూ అన్యాయం చేయకుండా నేను చూసుకుంటానని ఊరంతా అనుకుంటోంది. నువ్వూ అనుకుంటున్నావు. నేను కూడా మొన్నటిదాకా అలాగే అనుకున్నాను.

ఏడవకు. నేనేడవాలి, నువ్వెందుకు?

ఇదిగో, నా వంతు సంతకం కింద ఉంది చూడు. అభ్యర్థిని సిఫారసు చేస్తున్నాను అని. పొద్దున నీకిచ్చేముందే పెట్టేశాను. రోజూ ఎన్ని లాగ్‌బుక్కుల్లో పెట్టే సంతకం!

ఏంటి? గట్టిగా చెప్పు, ఈ చల్లబడని ఏసీ మోతకి వినపడలేదు.

నా సంగతా? నా సంగతి ఇప్పుడెందుకు? పందొమ్మిదో తారీఖు పోతే పోతుంది, నువ్వు పైబాణం పట్టుకుని వెళ్ళు. ఈ ఫారం చింపి అవతల పారేయ్. ఓనరు గారికి నేను చెప్పుకుంటాను. వదిన దగ్గర నేర్చుకున్న అమ్మాయి వదిన కంటే తెలివైనది అని చెబుతాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటారు, అంతే.

చింపవేం?

అలా నా చేయి పట్టుకోకు బుల్లీ. వద్దు.

వదిలేయ్. నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ఇరవై నెలలుంది కదా వదినా, ఏదో ఒకటి చేసుకుంటాను, నాకింకా ఇరవై నాలుగే కదా, నువ్వు ముందు వెళ్ళు అంటావు. ఆ మాటలు నేను నీ నోట్లో పెట్టడం లేదు, నీ మొహంలో రాసి ఉన్నాయి. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే. నీ ముక్క కూడా నా పళ్ళెంలో పెట్టి, నాకు ఆకలి లేదు అనేదానివి.

ఒక్క మాట చెబుతాను, ఆ తర్వాత నువ్వు నన్ను ఏమన్నా అను.

ఇదంతా నీకు ఎందుకు చెప్పాను? మంచిదాన్ని కాబట్టి అనుకుంటున్నావా? పొద్దుటినుంచీ నేనూ అలాగే అనుకుంటున్నాను. మనసు ఒప్పుకోక నిజం చెప్పేస్తున్నాను అనుకుంటున్నాను. కానీ ఆ ముగ్గురూ నిజం తెలియగానే ఫారం తిరిగిచ్చేశారు. నీకు చెబితే తిరిగివ్వవని నాకు తెలియదా? తెలియకుండా సంతకం పెడితే రేపు ఎప్పుడో తెలిసి నన్ను తిడతావు. తెలిసి పెడితే ఇక జన్మలో ఒక్క మాట అనలేవు. ఇంత లెక్క ఎవరు వేసుకుంటారు వదినా అంటావా? కళ్ళు మూసుకుని కూడా లెక్కలు వేయడమే కదా నా ఉద్యోగం.

వద్దు అనాలి నేను. ఇప్పుడు నీ చేతిలో పెన్ను లాక్కుని, వద్దు అని అరవాలి. నోరు తెరుస్తున్నాను చూడు, రావడం లేదు.

...

రెండో పేజీలో కూడా పెట్టాలి. అక్కడ కాదు, దాని కింద గడిలో. పూర్తి పేరు రాయి.